ఉడుత పడుకున్న జేబు

మా అమ్మాయి సైన్సు నోటుబుక్కులో నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు 'ఉడుత' అని రాసుకుంది. కుడివైపు ఖాళీ. ఒక జంతువునీ ఒక మొక్కనీ తీసుకుని పోలికలు, తేడాలు రాసుకురమ్మన్నారట బడిలో. ఉడుత దానికి బాగా తెలుసు. వంటింటి కిటికీ మీదికి రోజూ ఒకటి వస్తుంది. మొక్క దగ్గరే చిక్కు వచ్చింది. తులసి, మందారం, గులాబీ అన్నీ పక్క పిల్లలు రాసేసుకున్నారట.

"ఎవ్వరూ రాయని మొక్క చెప్పమ్మా" అంది.

కూర కలుపుతూ ఉన్నాను. ఆలోచించకుండానే "దురదగొండి" అన్నాను. అనేశాక గరిటె ఆగిపోయింది.

"అదెలా ఉంటుంది?"

"రాళ్ళ గోడల మీద పాకుతుంది. ఆకుల మీద సన్నగా నూగు ఉంటుంది. వెంట్రుకల్లాగా. తగిలితే మంట, దురద, దద్దుర్లు."

అది వెంటనే పోలికల కింద మొదటి వాక్యం రాసింది: 'రెండింటికీ వెంట్రుకలు ఉంటాయి.' రాసి, తల ఎత్తి, "నిన్నెప్పుడైనా కుట్టిందా?" అని అడిగింది.

"ఒకసారి. ఇక్కడ, మణికట్టు మీద."

"ఏడ్చావా?"

"లేదు."

ఇప్పుడు అది నిద్రపోయింది. పడుకోబెట్టే ముందు రోజూ దాని చేతులు, మెడ, చెవుల వెనుక చూస్తాను. ఎర్రటి చుక్క ఒక్కటి కనిపించినా ఇక నాకు నిద్ర ఉండదు. "దోమ కుట్టినా దవాఖానకేనా?" అని మా ఆయన నవ్వుతాడు. నా భయం ఎక్కడ మొదలైందో ఆయనకు తెలియదు. తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు పోయారు. రెండో మనిషి ఎక్కడుందో నాకు తెలియదు.

మాది గట్టు అనే ఊరు దాటాక వచ్చే పల్లె. ఇంకొంచెం ముందుకు పోతే మాటల్లో కన్నడం కలుస్తుంది. రాళ్ళ నేల, వాన పడితే పంట, లేకపోతే లేదు. అంతకుముందు జొన్న, పల్లి, ఆముదం వేసేవారు. నాకు పదేళ్ళు దాటి ఆరో తరగతికి వచ్చేసరికి చుట్టుపక్కల బోరు ఉన్న ప్రతివాళ్ళూ సీడు పత్తి వేస్తున్నారు. మా నాయన కూడా ఒక మడి వేశాడు.

సీడు పత్తి అంటే మామూలు పత్తి కాదు, విత్తనం కోసం పెంచే పత్తి. రేపు విచ్చుకోబోయే మొగ్గను మధ్యాహ్నం వెతికి పట్టుకోవాలి. బొటనవేలి గోరుతో చుట్టూ గాటు పెట్టి, రేకలనూ లోపలి పుప్పొడినీ ఒలిచెయ్యాలి. మధ్యలో తెల్లటి కాడ మాత్రం విరగకుండా మిగలాలి. గుర్తుకు ఎర్ర కాగితం ముక్క పెట్టాలి. మర్నాడు పొద్దున వేరే మడిలోంచి మగపూలు తెంపుకొచ్చి ఆ కాడలకు రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అనేవాళ్ళు. సంతకం కూడా రాని మా అవ్వ సైతం "క్రాసింగు అయ్యిందా?" అనే అడిగేది. రెండు నెలలు ఒక్క రోజు మానడానికి వీల్లేదు. ఏ రోజు మొగ్గ ఆ రోజే. పెద్దవాళ్ళ వేళ్ళు లావు, కాడ విరుగుతుందని ఆడపిల్లలనే పెట్టుకునేవారు. వాళ్ళు బొటనవేలి గోరు పెంచుకునేవారు. నేను పుస్తకాల సంచి తగిలించుకుని బడికి పోతుంటే, నా ఈడు పిల్లలు సద్ది మూట పట్టుకుని మా చేనికి పోయేవాళ్ళు. అదేమిటని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ ఏడు ఘణపూర్ దిక్కు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. మా ఇంటి వెనుక కొట్టంలో ఉండేవారు. ఆ అమ్మాయి నాకంటే మూడేళ్ళు పెద్దది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె పేరు నాకు గుర్తుంది. ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు, అంతే.

మొగ్గలు ఒలవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. పూల రసం పట్టి బొటనవేలి గోరు పచ్చగా మారింది. ఆడపిల్లలందరూ లంగా మీద మగవాళ్ళ పొడుగు చేతుల అంగీలు వేసుకుని చేలోకి దిగేవారు. ఆమెకు మా అమ్మ మా నాయన పాత గళ్ళ అంగి ఇచ్చింది. ఒకప్పుడు ఆయన చేనుకు పురుగుమందు కొట్టేటప్పుడు వేసుకున్న అంగి. చేతులు నాలుగు మడతలు పెట్టినా వేళ్ళ దాకా జారేది. ఎడమవైపు పెద్ద జేబు.

ఒకరోజు గాలివానకు కొట్టం చూరులోంచి ఉడుత గూడు కింద పడింది. గూడంతా మా పరుపులోంచి పీక్కెళ్ళిన దూదే. మూడు పిల్లల్లో రెండు చచ్చిపోయాయి. మూడోదానికి కళ్ళు కూడా తెరుచుకోలేదు.

"బతకదు. పిల్లి నోట్లె పడుతది. ఇడిసిపెట్టు" అంది అవ్వ.

"పడేదాంక నా దగ్గర ఉండనీ అవ్వా" అంది ఆమె.

దూదిని వత్తిలా చేసి, మేకపాలలో ముంచి నోటికి ఆనించేది. అది చీకేది. నాలుగైదు రోజులకు కళ్ళు తెరిచింది. ఆ తర్వాత అంగి జేబే దాని ఇల్లు. జేబులో దూది పరిచి పడుకోబెట్టుకుని చేలో తిరిగేది. తోక మాత్రం బయటికి వేలాడేది. మందు కొట్టిన రోజు మాత్రం చేనికి తీసుకుపోకుండా కొట్టంలో గంప కింద ఉంచేది.

"ఏందే, మేమంత ఉత్త జేబులేస్కొని తిరుగుతుంటే నీ జేబు గింత ఉబ్బింది? షావుకారువైనవా?" అనేవారు కూలి ఆడవాళ్ళు.

"అవునక్కా, జర మెల్లగ మాట్లాడుండ్రి. మా షావుకారు పండుకున్నడు" అనేది ఆమె.

ఆమె ఐదు చదివి ఆపేసింది. సాయంత్రాలు నా దగ్గరికి వచ్చి కూర్చునేది. ఒంటి నుంచి మందు వాసన, కుళ్ళిన వెల్లుల్లిలాంటి వాసన వచ్చేది. "పాపా, నీ పోయినేటి పుస్తకాలు ఇస్తవా? పత్తి అయిపోయినంక మా అమ్మ నన్ను హాస్టల్ల ఏస్త అన్నది. అన్నీ మర్శిపోయిన" అంది ఒకరోజు. ఇచ్చాను. అమ్మ కాల్చే జొన్నరొట్టెల పొయ్యి వెలుగులో, ఆ పచ్చటి గోరు ఒక్కో అక్షరం కింద పెట్టి చదివేది. జేబులో ఉడుత. "హాస్టల్ల ఉడతను రానియ్యరేమో కదా?" అని అడిగేది, నిజంగానే బెంగపడుతూ. "వార్డెన్‌కు గూడ ఒక పల్లికాయ పెడితే ఊకుంటడు తీయ్" అనేది అవ్వ. అందరం నవ్వేవాళ్ళం.

ఆ ఉడుత నాకు కావాలి. నిద్రలో కూడా అదే కోరిక. ఎన్నిసార్లు అడిగినా రెండు నిమిషాలు చేతిలో పెట్టి మళ్ళీ తీసుకునేది. నా చేతిలో అది ఉండేది కాదు. మెడ చాచి ఆ జేబు వైపే చూసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం చేలో అందరూ వేపచెట్టు కింద సద్దులు విప్పారు. జొన్నరొట్టె, పుంటికూర, ఉల్లిగడ్డ కారం. ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్తూ అంగి విప్పి కొమ్మకు తగిలించింది. నేను గబుక్కున జేబులో చెయ్యి పెట్టి ఉడుతను తీశాను. అది జారిపోతుందేమోనని గట్టిగా పట్టుకున్నాను. కీచుమని అరిచింది. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి, నా చేతి మీద ఒక్కటి వేసి ఉడుతను లాక్కుంది.

"గట్ల పిసుకుతరా? అదేమన్న చింతపండా?"

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. "ఆరు చదువుతున్నదంట గానీ, ఉడతను పట్టరాదు!" అంది ఒకామె. ఇంకొకామె "ఆ పాఠం ఇంక రాలేదేమో తీయ్" అంది.

నాకు చెవులు కాలిపోయాయి. దెబ్బ నొప్పేమీ లేదు. మా చేనికి పనికొచ్చిన పిల్ల నన్ను కొట్టింది అనిపించింది. ఈ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి వెనక్కి పోతోంది. కానీ ఆ పదేళ్ళ పిల్లకు అనిపించింది అదే.

మా కొట్టం వెనుక రాళ్ళ గోడ మీద దురదగొండి పాకి ఉండేది. మేకలు దాన్ని తప్పించుకుని పక్క ఆకులు తినేవి. బడిలో మగపిల్లలు ఒకసారి దాని ఆకు బెంచీ మీద రుద్దారు. కూర్చున్నవాడు గెంతుతుంటే సారుతో సహా అందరం నవ్వాం. అరగంటలో వాడికి తగ్గిపోయింది. నాకు తెలిసిన దురదగొండి అంతే. అరగంట గెంతడం, అందరూ నవ్వడం. ఆదివారం నన్ను చూసి నవ్వారు కదా.

మర్నాడు పొద్దున చేనుకు మందు కొట్టారు. ఉడుత గంప కింద ఉంది. ఉతికి ఆరిన అంగి, జేబులో కొత్త దూదితో తాడు మీద ఉంది. నేను ఆముదం ఆకు ఒకటి తెంపి చేతికి చుట్టుకుని, రెండు దురదగొండి ఆకులు తుంచాను. జేబులో దూది పైకెత్తి, అడుగున పెట్టి, మళ్ళీ దూది కప్పాను. తీగ అంచు మణికట్టుకు తగిలి చురుక్కుమంది. ఉడుత సంగతి ఆలోచించలేదని కాదు. 'దానికి ఒళ్ళంతా బొచ్చే కదా, ఏమీ కాదు' అనుకున్నాను. ఆమెకు బొచ్చు లేదు, ఏమవుతుంది అని మాత్రం అనుకోలేదు. బడికి వెళ్ళిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి వాకిలి నిండా జనం. మంచం మీద ఆమె. మెడ, రొమ్ము, రెండు చేతులూ ఎర్రగా పొంగి ఉన్నాయి. వేళ్ళు ముడవడం లేదు. ఆ చేతులతోనే కళ్ళు నలుపుకుందట, రెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. చేను నుంచి వచ్చి ఉడుతను పడుకోబెట్టబోతూ దూది సర్దడానికి జేబులో చెయ్యి పెట్టి ఉంటుంది.

కానీ అక్కడున్నవాళ్ళకు తెలిసింది ఒకటే. పొద్దున చేనుకు మందు పడింది. ఆమె వేసుకుంది ఒకప్పటి మందు అంగి. అప్పట్లో మందు ఎక్కి దవాఖానకు పోయిన కథ ప్రతి ఊళ్ళోనూ ఒకటి ఉండేది. ఒళ్ళు ఎర్రబడితే చాలు, ఎవరూ ఇంకో కారణం వెతికేవారు కాదు.

"మందు ఎక్కింది. ఉప్పునీళ్ళు తాపుండ్రి, కక్కితే బతుకుతది!"

ఇద్దరు ఆడవాళ్ళు చేతులు పట్టుకున్నారు. ఒకామె చెంబు నోటికి పెట్టింది. అక్క తల అటూ ఇటూ తిప్పుతోంది. "మందు కాదక్కా... ఏందో కుట్టింది... నా కడుపుల ఏం లేదు..."

"ఏం కుట్టలే. మందెక్కితే గట్లనే అనిపిస్తది. తాగు బిడ్డా, తాగు."

తాగించారు. కక్కింది. మళ్ళీ తాగించారు. మధ్యాహ్నం తిన్నదంతా వచ్చేసింది, తర్వాత ఉత్త నీళ్ళు, తర్వాత అవి కూడా రాలేదు. వాళ్ళమ్మ కూతురి తల ఒళ్ళో పెట్టుకుని "నా బిడ్డను కాపాడుండ్రి" అని మా నాయన కాళ్ళ వైపు చూస్తూ ఏడుస్తోంది. మా నాయన ముఖం తెల్లగా పాలిపోయింది. సూదులు వేసే డాక్టరును బండి మీద ఎక్కించుకొచ్చాడు. ఆయన కూడా "మందే" అని రెండు సూదులు వేసి వెళ్ళాడు.

'దురదగొండి' అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. స్తంభం వెనుక నిలబడి, మణికట్టు గౌనులో దాచుకుని, ఆ మాట పళ్ళ మధ్య పెట్టుకుని చూస్తూ ఉన్నాను.

"ఆ అంగి ముందు కాల్చేయుండ్రి" అన్నాడు నాయన.

అవ్వ కట్టెతో అంగిని ఎత్తి నీళ్ళ పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది. జేబు తిరగబడి దూది కింద పడింది. దాంతోపాటు నలిగిన ఆకులు రెండు. అవ్వ వంగి చూసింది. చేలలో ముసలిదైన మనిషి, రెండోసారి చూడాల్సిన పని లేదు. తల తిప్పి నన్ను చూసింది.

"ఇటు రా. చెయ్యి సూపు."

చూపించాను. మణికట్టు మీద వరుసగా దద్దుర్లు. అవ్వ పొయ్యి పక్కనుంచి చల్లారిన బూడిద తీసి రుద్దింది.

"నాయినకు చెప్తవా అవ్వా?"

"చెప్తే? ఉత్తగనే ఉప్పునీళ్ళు తాపి ఆ పిల్ల పేగులు తీసిండ్రు. గింతమందిల మీ నాయిన మొఖం యాడ పెట్టుకుంటడు? సప్పుడు జేయకు. రెండు దినాలల్ల అదే తగ్గుతది." అంగినీ దూదినీ ఆకులనూ కలిపి పొయ్యిలోకి తోసింది. ఆ పొగ వాసన నాకిప్పటికీ తెలుసు.

అవ్వ చెప్పినట్టే దద్దుర్లు తగ్గాయి. కానీ మా నాయన భయం తగ్గలేదు. మూడో రోజు వాళ్ళమ్మను పిలిచి, లెక్క ప్రకారం రావలసింది ఇస్తానని, ఇద్దరినీ వెళ్ళిపొమ్మన్నాడు.

"అన్నా, గట్లనకు. ఇంకొక నెలైతే పత్తి అయిపోతది. పిల్లను హాస్టల్ల ఏసుకుంట. అప్పటిదాంక అది చేన్లకు రాదు, ఇంట్ల పని చేస్తది" అంది వాళ్ళమ్మ.

"గాలికి గూడ ఎక్కుతదమ్మా. పరాయి పిల్ల, రేపు ఏమన్నైతే ఎవరు జవాబు చెప్పాలె? ఆ పిల్లకు మందు పడదు."

"ఉండనీరా, మంచిగైంది గద" అంది అవ్వ.

"నీకు తెల్వదమ్మా, ఊకో."

"నాకు తెల్వదా?" అని అవ్వ నోరు తెరిచింది. నా వైపు చూసింది. మూసుకుంది. నేను చెబుతానేమోనని ఎదురుచూసిందో, చెప్పకూడదని చూసిందో నాకు ఇప్పటికీ తేలలేదు.

'మందు పడని పిల్ల' అన్న మాట ఒక పూటలో ఊరంతా తిరిగింది. ఇంకెవరూ వాళ్ళను పనికి పెట్టుకోలేదు. ఆ వారమే ఒక మేస్త్రీ పట్నంలో కాలువలు తవ్వడానికి మనుషులను తీసుకుపోతుంటే వాళ్ళూ పేర్లు రాయించుకున్నారు. హాస్టలు మాట మళ్ళీ ఎవరి నోటా వినలేదు.

వెళ్ళే రోజు పొద్దున ఆమె గంపతో మా వాకిట్లోకి వచ్చింది. ముఖం మామూలుగానే ఉంది. వేళ్ళ చివర తోలు పొరలు పొరలుగా లేస్తోంది. గంప కింద పెట్టి, నా కుడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మణికట్టు మీద గీరుకున్న మచ్చలు ఇంకా పోలేదు. వాటి మీద ఆ పచ్చటి గోరు మెల్లగా ఆడించింది.

"నీగ్గూడ మందు పడలేదా పాపా?"

నేను తల దించుకున్నాను. చెయ్యి మెలి తిప్పుతుందనుకున్నాను. ఇంకోటి వేస్తుందనుకున్నాను, వెయ్యాలని కూడా కోరుకున్నాను. ఎంత మెల్లగా పట్టుకుందో అంత మెల్లగా వదిలేసింది.

"ఉడత నీ దగ్గరుండనీ. గుడారాలల్ల కుక్కలుంటయి, బతకదు. దూది తడిపి పాలు పట్టు. పల్లికాయ నలగ్గొట్టి పెట్టు. పిసకకు." రెండడుగులు వేసి మళ్ళీ తిరిగింది. "నీ పుస్తకాలు గూట్లె పెట్టిన. మూటల తడుస్తయని."

నేను కోరుకున్న ఉడుత నాకు వచ్చింది. పాలు తాగేది. పల్లికాయ తినేది. నన్ను చూసి పారిపోయేది కూడా కాదు. నా భుజం మీద నుంచి దిగి, గౌను ముందు భాగమంతా ముక్కుతో వెతుక్కునేది. ఎడమవైపు వచ్చి ఆగేది. కాళ్ళతో గోకేది. మళ్ళీ వెతికేది. నా గౌనుకు జేబు లేదు. వారం రోజులు అలా వెతికి, ఒక మధ్యాహ్నం కొట్టం చూరు ఎక్కి వెళ్ళిపోయింది.

తర్వాత నేను వనపర్తిలో ఇంటరు, డిగ్రీ చదివాను. సెలవులకు ఊరికి వస్తే సీడు పత్తి మడుల పక్కనుంచి తల వంచుకుని నడిచేదాన్ని. అవ్వ పోయే ముందు నెల రోజులు మంచం పట్టింది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పి చూసి, "నువ్వు మర్శిపోతవనుకున్న" అంది. అంతే.

పోయినేడు మా నాయనతో ఫోనులో మాటల మధ్య, ఫలానా సంవత్సరం కొట్టంలో ఉన్న తల్లీ కూతుళ్ళ సంగతి ఏమైనా తెలుసా అని అడిగాను. అందుకు నాకు పాతికేళ్ళు పట్టిందని లెక్క వేసుకుంటే సిగ్గేసింది.

ఆయన కాసేపు గుర్తు చేసుకున్నాడు. "ఎవరు, ఆ మందు పడని పిల్లనా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. అవతల ఉన్నది ముసలి తండ్రి, ఇవతల ఉన్నది పెళ్ళై బిడ్డ ఉన్న కూతురు. ఎవరూ ఎవరినీ కొట్టరు.

"అవును నాయినా, ఆ పిల్లనే" అన్నాను.

"ఏమో బిడ్డా, ఎటు పోయిండ్రో. మంచి పనిమంతురాలు. పాపం, మందు పడలే."

మా అమ్మాయి నోటుబుక్కు బల్ల మీద తెరిచే ఉంది. తేడాల కింద నిద్ర వచ్చేదాకా కూర్చుని రాసింది. అక్షరాలు చివరికి వచ్చేసరికి కిందికి జారాయి. 'ఉడుత పరుగెత్తుతుంది. దురదగొండి పరుగెత్తలేదు. ఉడుత గింజలు తింటుంది. దురదగొండి ఎండ తింటుంది. ఉడుత మన దగ్గరికి తనే వస్తుంది. దురదగొండి తనే రాదు. ఎవరైనా తీసుకొస్తేనే వస్తుంది.'

చివరి వాక్యం నేను చెప్పింది కాదు. దానికదే ఆలోచించి రాసుకుంది.

పేజీ అడుగున 'తల్లి లేదా తండ్రి సంతకం' అని చుక్కల గీత ఉంది. రోజూ చదవకుండానే ఒక గీత గీసేస్తాను. ఇవాళ ఆ వాక్యం మూడుసార్లు చదివాను. చదివి, దాని కింద నా పేరు మొత్తం రాశాను.